బైనాక్యులర్స్‌కి దొరికిపోయిన మావారు

మాది అమలాపురం దగ్గర ఊరు. టీచరుగా రిటైరయ్యాక రోజూ పొద్దున్నే పెద్ద మంచినీళ్ల చెరువు గట్టున కూర్చుని బైనాక్యులర్స్‌తో పక్షుల్ని చూడటం అలవాటైంది. వానాకాలంలో పిల్లల్ని వెంటేసుకు తిరిగే నీటికోళ్లు, చలికాలంలో వలస బాతులు, ఎండలకి నీళ్లు తగ్గితే కొంగలు. మావారికి పక్షులంటే విసుగు. షుగరు ఉందని ఆ సమయంలో గట్టు చుట్టూ నడిచేవారు. ఏడాది నడిచినా షుగరు తగ్గలేదు. ఇక ఇన్సులిన్ తప్పదేమోనన్నారు డాక్టరుగారు. నాకు దిగులు పట్టుకుంది.

మొన్న చలికాలంలో ఒకరోజు బాతుల గుంపు ఒక్కసారిగా లేచింది. బైనాక్యులర్స్ తిప్పుతూ దాని వెంటపడ్డాను. బాతులు అవతలి గట్టు పక్కన వాలాయి. ఆ గట్టు మీద మిఠాయి బడ్డీ ముందు కూర్చుని మావారు పూతరేకు తింటున్నారు. వెంటనే ఫోన్ చేశాను.

"ఎక్కడున్నారండీ?"

"నడుస్తున్నానే," అన్నారు, ఆయాసం తెచ్చుకుని.

"ఎడంచేతిలో ఉన్నది రెండోదా?"

ఆయన చెయ్యి వెనక్కి పెట్టుకుని చుట్టూ చూశారు. "నీకెవరు చెప్పేరు?"

"బాతులండీ."

ఆ మర్నాటి నుంచి నా కళ్లెదుటే నడుస్తున్నారు. షుగరూ దిగింది. పక్షుల్ని చూస్తే ఏమొస్తుందని ఎవరైనా నన్నడిగితే మాత్రం, ఆయన మెల్లగా మాట మార్చేస్తారు.