మీ దిక్కు రేటెంత?

గల్ఫ్‌లోని మబేలాలో కార్లు కడిగే లింబాద్రి తడిచేతులు ప్యాంటుకు తుడుచుకుని, తళతళలాడే కారును ఫొటో తీసి, మలేషియాలో అదే పని చేసే తమ్ముడు భీమన్నకు పంపుతాడు. కింద ఆ కారు రేటు కూడా రాస్తాడు. "మా దిక్కు గిది రెండింతలే. ట్యాక్సులే మింగుతయి" అని అటునుంచి ఇంకో కారు ఫొటో వస్తుంది. పొలం గెట్టు కాడ కొట్టుకున్నప్పట్నుంచి అన్నదమ్ముల మధ్య మిగిలిన మాటలు ఇవే. బెంజ్ ధర పెరిగితే చెప్పుకుంటారు, ఒంట్లో జ్వరమొస్తే చెప్పుకోరు. ఇద్దరిలో ఏ ఒక్కడికీ డ్రైవింగ్ రాదు.

మొన్న భీమన్న నల్ల బీఎండబ్ల్యూను ముందు నుంచి తీసి పంపాడు. నిన్న పక్క నుంచి, ఇవాళ వెనక నుంచి. లింబాద్రి ఫొటోలను వేళ్లతో సాగదీశాడు. మూడింటిలోనూ కారు టాపు మీద అదే ఎండుటాకు అదే చోట అతుక్కుని ఉంది. అన్నీ ఒకే రోజు తీసినవి. అంటే తమ్ముడు డ్యూటీకి పోతలేడు. పని పోయిందని చెప్పుకోలేక పాత ఫొటోలు పంపుతున్నాడు.

లింబాద్రి అలవాటుకొద్దీ రేటు టైపు చేశాడు. చెరిపేశాడు.

"తమ్మీ, తిన్నవా?" అని పెట్టాడు.

జవాబొచ్చింది. "లేదన్నా."