అమృతమ్మ చేతిలో చాట

“నా బిడ్డ కూడా ఇట్లనే పోతే?”

ఆ మాట పూర్ణిమ ఇంట్లో నా నోటినుంచే వచ్చింది. విరేచనాలతో ఆమె కొడుకు పోయి ఆరు రోజులయింది. ఇంట్లో ఎవరూ వాడి పేరు ఎత్తనివ్వడం లేదని, ఆమె చెప్పేది వినడానికి అమృతమ్మా నేనూ వెళ్లాం. వినకుండానే నేను భోరుమన్నాను. గోడకానుకుని ఉన్న పూర్ణిమ లేచి, కుండలోంచి నీళ్లు ముంచి నాకిచ్చింది. “ఊకోండ్రి మేడం” అంది. కొడుకు మాట ఎత్తకుండానే మమ్మల్ని సాగనంపింది.

సీతాఫల్‌మండి స్టేషన్ దాటాక అమృతమ్మ నా వైపు తిరిగింది. “ఆమె ఏడ్వాల్సిన జాగల నువ్వు కూసున్నవ్ బిడ్డా” అంది.

అది తొంభైనాలుగు. జువాలజీలో డిగ్రీ చేసి, మా పాపకు ఎనిమిది నెలలప్పుడు నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో సోషల్ వర్క్‌లో చేరాను. అమృతమ్మ మాకు టీచరు కాదు. ఐదో తరగతితో చదువు ఆపేసి, ఇరవై ఏళ్లుగా బస్తీ పిల్లల బరువులు తూచే ఆరోగ్య కార్యకర్త. మొదటి ఏడాది వాళ్లను ఆమె వెంట పంపేవారు. ఏ ఇంటికెళ్లినా చాట అడిగేది. బియ్యమో పప్పో ముందేసుకుని రాళ్లు ఏరుతూ వినేది.

“అమ్మా, పరీక్షల గూడ చాట ఇస్తరా?” అన్నాడొకసారి మా క్లాసు సంజీవ్.

“ఇస్తరు. నీకు చెరుగుడు రాదు. ఫెయిలయితవ్ పో.”

అమృతమ్మ భర్త పోయినప్పుడు వచ్చినవాళ్లంతా ఆమె మీద పడి ఏడ్చారట. పక్కింటి రాములమ్మ ఒక్కతే మాట్లాడకుండా కూర్చుని కందిపప్పు ఏరింది. “గామె ముందటనే నాకు మాటొచ్చింది” అని చెప్పింది.

జరిగింది విని, వచ్చే బుధవారం పూర్ణిమ ఇంటికి వెళ్లలేకపోతే నా ఏరియా మారుస్తానన్నారు మా సార్. ఏరియా సంగతి సరే, పూర్ణిమ మాట వినేందుకు ఇంకెవరున్నారు? ఆ వారమంతా నాకు ఏమీ అనిపించలేదు. గడియారం పెట్టుకుని పాప ఊపిరి లెక్కపెట్టేదాన్ని. నిమిషానికి ముప్పైరెండు. మళ్లీ ముప్పైరెండు.

బుధవారం పూర్ణిమ ఇంట్లో అమృతమ్మ చాట నా ఒళ్లో పెట్టింది. రేషన్ బియ్యం. వడ్లు, మట్టిగడ్డలు, రాళ్లు. సగం చాట అయ్యేసరికి పూర్ణిమ, “వానికి చెంచ సప్పుడంటే నవ్వొచ్చేది” అంది. నేను తలెత్తలేదు. ఒకే రాయిని రెండుసార్లు ఏరినట్టున్నాను. ఆమె వాడి పేరు చెప్పింది. మళ్లీ మళ్లీ చెప్పింది. ఏడ్చింది. ఈసారి నీళ్లు తేవడానికి నేను లేచాను.

తార్నాక బస్టాపులో అమృతమ్మ నా వైపు చూసి, “ఇగ ఏడువు. గీడ ఏడ్వొచ్చు” అంది.

“వస్తలేదమ్మా. బండయిపోయిన్నా?”

“రాకుంటె రాకపాయె. గుంజుకరాకు. అదొచ్చినప్పుడు వస్తది.”

ఎనిమిదో నంబరు వచ్చింది. ఎక్కేశాం.

ఆ నెలాఖర్లో ఒక మధ్యాహ్నం పాపకు జ్వరం. నూటొకటి. తడిగుడ్డ వేశాను, మందు పట్టాను. ఇక చేయడానికేమీ లేదు. పాప నా ముఖమే చూస్తోంది. భయం కనబడనీయకుండా చాట తెచ్చి, బియ్యం ఏరుతూ పక్కన కూర్చున్నాను. అమృతమ్మ ఎప్పుడూ చెప్పేది అదే: “బుగులైతే ముందు చేతులకు పని చెప్పు బిడ్డా. నోరు దానంతటదే ఊకుంటది.”