వాగు మధ్యలో ఆగిన జీపు

మా దవాఖాన జీపు నడిపిన డ్రైవరన్న మొన్న మంగళవారం పొద్దున పోయాడట. నిజామాబాదు బస్‌స్టాండులో నిలబడి ఉంటే, ఒకప్పుడు మాతో పనిచేసిన కాంపౌండరు కనబడి చెప్పాడు. దహనం కూడా అయిపోయిందన్నాడు. నా బస్సు వచ్చింది, పోయింది. నేను ఎక్కలేదు.

పంతొమ్మిది వందల అరవైల్లో నేను బోధన్ వైపు పల్లెలు తిరిగే నర్సును. చెరుకు తోటల మధ్య నల్లరేగడి దారులు. వానాకాలంలో మంజీర నది నిండి ఎగదన్నితే వాగులన్నీ పొంగేవి. అప్పుడు మాకు ఆ జీపే దిక్కు, జీపుకు ఆయనే దిక్కు. పటాలంలో బండ్లు నడిపి వచ్చిన మనిషి. నాలుగు చక్రాలూ లాగే బండి కదా, నేరుగా నీళ్లలోకి తోలెయ్యొచ్చని నేననుకునేదాన్ని. "చక్రాలు నాలుగైనా ఊపిరి ఒక్కటే నర్సమ్మా" అనేవాడు.

వాగు ఒడ్డుకు రాగానే ఇంజను ఆపి బీడీ ముట్టించేవాడు. నాకు ఒళ్లు మండేది.

"ఇరుసులు కాలుతున్నయి. గిట్లనే దించితే నీళ్లు లోపలికి గుంజుకుంటయి. సల్లారనియ్యి."

తర్వాత ఒక్కొక్క పనే. ఫ్యాను నీళ్లు చిమ్మకుండా దాని బెల్టు విప్పేవాడు. ప్లగ్గుల తీగెల మొదళ్లకు గ్రీజు దట్టించేవాడు. పొగ గొట్టానికి రబ్బరు పైపు తొడిగి టాపు దాకా నిలబెట్టేవాడు. ఇంజను గాలి పీల్చే గొట్టాన్నీ అట్లాగే పైకెత్తేవాడు. క్లచ్చు కింద ఉన్న రంధ్రానికి బిరడా బిగించి, ముందువైపు గోనెపట్టా కట్టేవాడు. ఆఖరుకు ప్యాంటు మడిచి, కర్ర పట్టుకుని వాగులో అటూ ఇటూ నడిచి వచ్చేవాడు. తను నడవని నీళ్లలో బండిని ఏనాడూ దించలేదు.

ఒక శ్రావణంలో రెండు వాగుల నడుమనున్న ఊరికి కాన్పు కోసం పోయాం. పోయేటప్పుడు నీళ్లు పిక్కల దాకానే. బిడ్డ అడ్డం తిరిగింది, దవాఖానకు తీసుకుపోక తప్పదని నేను తేల్చేసరికి ముందు వాగు నడుము లోతైంది. వెనక వాగు అంతకంటే ఎక్కువ. ఎటూ దారి లేదు. వెనక సీటులో, నొప్పులు పడుతున్న ఆ ఇంటి కోడలు మూలుగుతోంది. ఆమె తల అత్త ఒళ్లో ఉంది.

అవతలి ఒడ్డున ఇద్దరు రైతులు ఎడ్లతో ఆగిపోయి ఉన్నారు. డ్రైవరన్న మోకు ఒక కొసను జీపు ముందు కొక్కేనికి కట్టి, రెండో కొసతో వాగు దాటి వాళ్లకిచ్చి, మళ్లీ నీళ్లలోనే తిరిగొచ్చాడు. అన్నీ కలిపి గంట పట్టింది.

"ఓ కొడుకా, నీ కాళ్లు మొక్కుత, తోలు!" అంది అత్త.

"నీళ్లకు తొందరున్నదవ్వా. మనకు ఉండొద్దు."

దిగాం. సగం దాటాక ముందు చక్రం గుంతలో పడింది. అల బానెట్టు మీదికి ఎక్కింది, ఇంజను ఆగిపోయింది. ఇక నీళ్ల చప్పుడే. అడుగు రేకు మీదికి నీళ్లొచ్చి నా మోకాళ్లను తాకాయి. బండి పక్కకు జరుగుతున్నట్టు తెలుస్తోంది. దిగబోయాను.

"కూసో! నీ బరువు గూడ గావాలె బండికి!" అని అరిచాడు. ఆయన అరవడం అదొక్కసారే విన్నాను.

తువ్వాల ఊపాడు. ఎడ్లు లాగాయి, కాళ్లు జారి మోకు వదులైంది. మళ్లీ లాగాయి. ఆయన బండిని గేరులోనే ఉంచి సెల్ఫు నొక్కుతూ పోయాడు. ఇంజను లేకుండా, బ్యాటరీ బలంతో, ఎడ్ల బలంతో, జీపు అంగుళం అంగుళం కదిలి ఒడ్డెక్కింది.

తల్లి బతికింది. బిడ్డ చచ్చి పుట్టింది.

దవాఖాన వరండాలో అందరి ముందూ అన్నాను: "నీ గంట ఆలస్యం మింగిందన్నా, ఆ బిడ్డను."

ఆయన బకెట్టు తీసుకుని వెనక సీటు కడగడానికి పోయాడు.

నిజం వేరు. ఆ ఊళ్లోనే, గుండె చప్పుడు వినే గొట్టం ఆమె పొట్టకు ఆనించినప్పుడే, నాకు ఏమీ వినబడలేదు. ఎవరికీ చెప్పలేదు. తర్వాత రెండేళ్లు ఆయన పక్క సీటులోనే తిరిగాను. దిగి పోవడానికీ లేదు, కుదురుగా కూర్చోవడానికీ లేదు.

రెండేళ్లకు, చలికాలంలో, అదే కోడలికి ఇంట్లోనే సుఖంగా ఆడపిల్ల పుట్టింది. తిరిగి వస్తూ వాగు దగ్గర ఆగాం. మోకాళ్ల లోతే, అయినా ఆయన బెల్టు విప్పుతున్నాడు. అప్పుడు చెప్పాను.

"అన్నా, ఆనాటి బిడ్డ మనం ఊళ్లో ఉన్నప్పుడే పోయింది. నాకు తెలుసు."

ఆయన తలెత్తలేదు. "ఎరుకే నర్సమ్మా. నువ్వు బయటికొచ్చినప్పుడు నీ మొఖం సూసిన గదా."

"మరి ఎందుకు ఊకున్నవు?"

"నలుగురి ముంగట నీ మాట పోతే, రేపు కాన్పుకు నిన్ను ఎవలు పిలుస్తరు? డ్రైవరును అంటే ఏం పోతది?"

నేను ఏడ్చాను. ఆయన చేతులు తుడుచుకుంటూ నేను ఎక్కేదాకా ఆగాడు. వరండాలో అందరి ముందూ అన్న మాటను అందరి ముందూ వెనక్కి తీసుకోలేదు నేను. ఇప్పుడు ఇది రాయడం అందుకే.

వాగు దాటాక, తడిసిన బ్రేకులు ఆరడానికి ఆయన పెడలు మీద కొంచెం కాలు ఆనించి మెల్లగా పోనిచ్చాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. నల్లరేగడి దారి మీద మా చక్రాల తడి గీతలు రెండు, వాగు వైపు నుంచి ఒక్కొక్క గజమే ఎండకు ఆరిపోతూ ఉన్నాయి.