మామకు ముట్టించిన బీడీ

మాలకొండమ్మ చదివింది ఏడో తరగతి. బోగోలు మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక పట్టపుపాలెంలో, అంటే చేపలు పట్టేవాళ్ల పల్లెలో, ఆశా కార్యకర్తగా పనిచేస్తుంది. ఆ పనిలో చేరకముందు పదేళ్లు ఇసుకలో చేపలు ఎండబెట్టింది. ఏ చేపను ఏ ఎండకు తిరగేయాలో ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చూసి నేర్చుకుంది.

ఆరోగ్యం పనిలో మాత్రం మొదట మాటల్నే నమ్ముకుంది. పాలెంలో చిట్టి అనే కుర్రవాడికి కాలి ఎముకలో క్యాన్సర్ వచ్చింది. చికిత్స జరిగి బతికి బయటపడ్డాడు. ఏడాది తిరక్కుండానే సిగరెట్లు మొదలుపెట్టాడు. మాలకొండమ్మ నల్లబడిపోయిన ఊపిరితిత్తుల బొమ్మ ఒకటి తెచ్చి వాడి ముందు పరిచి గంటసేపు చెప్పింది. వాడు అంతా విన్నాడు.

"అక్కా, ఆ బొమ్మ చూస్తే గుండె దడొస్తా ఉండాది. ఒకటి తాగొస్తా, ఉండు" అని లేచి వెళ్లిపోయాడు.

ఆమె బొమ్మను చుట్ట చుట్టి అటక మీద పడేసింది. ఆ తర్వాత వాడి దగ్గర పొగ మాటే ఎత్తలేదు. సిగరెట్ నోటికి పోయే ముందు వాడు ఏం చేస్తున్నాడో వారం రోజులు చూసింది. టీ తాగాక ఒకటి. సాయంత్రం తోటివాళ్లంతా బండ్లెక్కి పోతుంటే, కాలు సహకరించక అరుగు మీద మిగిలిపోయినప్పుడు వరసగా మూడు. ఆ వేళకు వాడిని వలలు బాగుచేసే పాకలో కూర్చోబెట్టి చిరుగులు అల్లే పని ఇప్పించింది. నాలుగు నెలలు పట్టింది, కానీ మానేశాడు.

మధుబాబు విషయంలోనే ఆమె పొరపాటు చేసింది.

మధుబాబుకు పంతొమ్మిదేళ్లప్పుడు మెడ కింద గడ్డలు లేచాయి. క్యాన్సర్ అన్నారు. నెల్లూరు ఆస్పత్రిలో ఆరు నెలలు మందులు ఎక్కించుకుని బయటపడ్డాడు. ఇప్పుడు ఇరవై మూడేళ్లు. మేనమామ గంగులయ్య పడవలో వేటకు పోతున్నాడు. సిగరెట్లు అలవాటయ్యాయి, దగ్గు పట్టుకుంది. ఈ ఏడు తనిఖీకి వెళ్లినప్పుడు డాక్టరు అతనితో గొట్టంలో ఊదించి ముఖం చిట్లించాడు. "నీకు ఎక్కించిన మందుల్లో ఒకటి ఊపిరితిత్తుల్ని బలహీనం చేసే రకం. దాని మీద పొగ కూడా పడితే తట్టుకోలేవు. మూడు నెలల తర్వాత మళ్లీ రా. అప్పటికీ ఇలాగే ఉంటే సముద్రం పని వదిలేయాలి" అన్నాడు.

మధుబాబుకు వేరే పని రాదు. నేర్చుకోవాలని కూడా లేదు. ఆస్పత్రి మంచం మీద ఉన్న ఆరు నెలలూ అతను కలగన్నది పడవ గురించే.

మాలకొండమ్మ అతని పక్కన కూర్చుని ఎప్పుడెప్పుడు తాగుతాడో అడిగి తెలుసుకుంది. అన్నం తిన్నాక, చేపల వేలం దగ్గర ఎదురుచూసేటప్పుడు, స్నేహితుడు ఇచ్చినప్పుడు. ఒక్కొక్కదానికీ ఒక అడ్డు వెతికింది. అన్నం తిన్న వెంటనే లేచి పళ్లు తోముకోమంది. వేలం దగ్గర నుంచోకుండా బుట్టలు కడిగే పని తీసుకోమంది. మనసు లాగినప్పుడు ఐదు నిమిషాలు ఓర్చుకుంటే ఆ లాగుడు తగ్గిపోతుందని చెప్పి, ఫోన్‌లో టైం చూసుకోమంది.

వారం గడిచింది. "ఏడు రోజులు అక్కా. ఒక్కటంటే ఒక్కటి తాగలా" అన్నాడు మధుబాబు. ముఖంలో గర్వం కనబడింది. కానీ దగ్గు తగ్గలేదు. కోరిక కూడా తగ్గలేదని అతనే చెప్పాడు. మాలకొండమ్మకు అది అర్థం కాలేదు. వారం ఆగినవాడికి కొంచెమైనా తేలిక పడాలి.

ఎనిమిదో రోజు పొద్దున పడవలు ఒడ్డుకు వస్తున్నాయి. ఆడవాళ్లు బుట్టలతో నిలబడి ఉన్నారు. గంగులయ్య పడవ అలల మీద లేచినప్పుడు ముందువైపు కూర్చున్న మధుబాబు నోట్లో బీడీ స్పష్టంగా కనబడింది. మాలకొండమ్మ మోకాలి లోతు నీళ్లలోకి దిగింది.

"ఏందిరా నోట్లో? ఏడు రోజులని నా చెవిలో పువ్వు పెడతావా?"

"నేను తాగలేదక్కా! మామకి ముట్టించినా!"

ఒడ్డున ఆడవాళ్లు గొల్లుమన్నారు. "అవునులే మే, మా ఇంటాయన కూడా తాగడు. సీసా బరువుగా ఉండాదని కొంచెం తగ్గిస్తాడంతే!" అన్నది ఒకామె.

మధుబాబు ముఖం ఎర్రబడింది. చేపల బుట్టను ఇసుకలో విసిరికొట్టి ఇంటికి వెళ్లిపోయాడు. నాలుగు రోజులు మాలకొండమ్మ కనబడితే పక్క సందులోకి తిరిగిపోయాడు.

ఐదో రోజు మధ్యాహ్నం ఆమె గంగులయ్య ఇంటికి వెళ్లింది. ఆయన పాక నీడలో వల ముందేసుకుని చిరుగులు కడుతున్నాడు.

"వాడు అబద్ధం చెప్పలా మాలకొండమ్మా" అన్నాడు తల ఎత్తకుండానే. "నా ఒక చెయ్యి చుక్కాని మీద ఉంటది, ఇంకో చెయ్యి తాడు మీద. గాలిలో నేనెట్టా ముట్టించుకునేది? రెండు వేళ్లు చాపుతా. ముందున్నోడు ముట్టించి వేళ్ల మధ్య పెడతాడు. నేను కుర్రోడిగా ఉన్నప్పుడు మా మామకి నేనే ముట్టించేవాణ్ణి. అది తాగడం ఎట్టయితది?"

"గాలిలో అది అంటుకోవాలంటే ఎన్ని దమ్ములు లాగాలన్నా?"

"మూడో నాలుగో."

"రోజుకెన్ని ముట్టిస్తాడు?"

"ఎనిమిది… పది అనుకో."

గంగులయ్య చేతిలోని దారం ఆగింది. పెదవులు కదుపుతూ తనలో తానే ఏదో లెక్క వేసుకున్నాడు.

"అంటే వాడితో రోజూ నేనే తాపిస్తుండానా?"

"నీకూ తెలీదు, వాడికీ తెలీదు. నాకు ఇప్పుడు తెలిసింది. పడవలో బీడీ మానేయన్నా."

"అది మాత్రం కుదరదు" అన్నాడాయన వెంటనే. "వల వదిలినాక ఒక బీడీ. వల మీద తేలే బెండ్లు వరసకి సర్దుకున్నాక ఇంకోటి. మూడోది అయిపోతే లాగాల. మా మామ నేర్పిన లెక్క ఇది. గడియారం పెట్టుకొని వేటాడితే చేపలు నవ్వుతాయి."

ఆయన నలభై ఏళ్ల వేటగాడు. ఎక్కడ వల వేయాలో ఆయన్ని అడిగాకే మిగతా పడవలు కదులుతాయి. అలాంటి మనిషికి పాఠం చెప్పడానికి మాలకొండమ్మ నోరు తెరవలేదు. వల రెండో కొస తీసుకుని తనూ ఒక చిరుగు అందుకుంది. కొంతసేపయ్యాక అడిగింది.

"రెండో బీడీకే చేప బరువుకి బెండ్లు మునిగినాయనుకో. అప్పుడు?"

"అప్పుడే లాగేస్తాం. ఇంకా చూసేదేముండాది?"

"మూడోది అయిపోయినా బెండ్లు కదల్లేదు?"

"ఇంకాసేపు ఆగుతాం."

"మరి ఎప్పుడు లాగాలో చెప్పేది నీ కళ్లా, బీడీనా?"

గంగులయ్య ఆమె వైపు చూసి, "నీ నోరు మండ!" అని నవ్వాడు. ఒప్పుకున్నానని అనలేదు. వల చుట్టబెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున వేలం దగ్గర అందరూ ఉండగానే మాలకొండమ్మ, "మధుబాబు ఆరోజు నిజమే చెప్పినాడు. నేనే తొందరపడి నోరు జారినా" అన్నది. నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలని ఆమె అభిప్రాయం. తర్వాత అతన్ని పక్కకు పిలిచి దమ్ముల లెక్క చెప్పింది.

"అయితే నేను మానుకుంది ఉత్తదేనా అక్కా?"

"ఒడ్డు మీద మానినావు. అది ఉత్తదెట్టయితది? ఇంక పడవలో మానాల."

మరుసటి వేటకు గంగులయ్య బీడీ కట్టను ఇంట్లో భార్య చేతిలో పెట్టి వెళ్లాడు. ఆరోజు సముద్రం మీద అలవాటు కొద్దీ ఆయన వేళ్లు ఆరుసార్లు చాచాడట. చాచినప్పుడల్లా మధుబాబు నాలుగు వేయించిన శనగలు పెట్టాడట. ఐదోసారికి ఆయన, "ఒరే, నేనేమన్నా గుర్రాన్నా?" అని తిట్టాడట. చికాకులో ఒక వల తొందరపడి లాగించాడు. సగం ఖాళీగా వచ్చింది. పడవలో మిగతా వాళ్లు సణిగారు. రెండో రోజు మాత్రం బెండ్ల మీద నుంచి చూపు తిప్పకుండా కూర్చున్నాడు. వల బరువుగా లేచింది. ఇంటికొచ్చి పెరట్లో రెండు బీడీలు వరసగా తాగాడు, అది వేరే విషయం. పడవలో మాత్రం తాగలేదు, ఎవరినీ తాగనివ్వలేదు.

పది రోజులకు మధుబాబు దగ్గు తగ్గింది. ఇరవయ్యో రోజు కావలిలో ఒక పెళ్లికి వెళ్లి అక్కడ ఒక సిగరెట్ తాగాడు. ఎవరూ చూడలేదు. అయినా తనే వచ్చి చెప్పాడు.

"మళ్లీ మొదటి నుంచి రావాల్నా అక్కా?"

"ఒక కన్ను తప్పు అల్లితే వలంతా విప్పుతామా? ఏం చేస్తా ఉండి తాగినావో చెప్పు, అక్కడ ముడేద్దాం."

భోజనాల తర్వాత ఊరికే నిలబడి ఉన్నానన్నాడు. ఊరికే నిలబడబాక, వడ్డనకు దిగు అన్నది. అంతటితో ఆ మాట వదిలేశారు.

మూడు నెలలకు ముగ్గురూ నెల్లూరు వెళ్లారు. గంగులయ్యను ఎవరూ పిలవలేదు. తనే చొక్కా వేసుకుని బస్సెక్కాడు. ఆస్పత్రిలో రెజీనా అనే నర్సు మధుబాబుకు గొట్టం ఇచ్చింది. దాని మీద ఒక ముల్లు ఉంటుంది, ఊపిరి బలాన్ని బట్టి ముందుకు జరుగుతుంది. అతను మూడుసార్లు ఊదాడు. పోయినసారి కంటే ముల్లు బాగా ముందుకు పోయింది. డాక్టరు కాగితం చూసి, "వేటకు పో. పొగ మాత్రం వద్దు. ఇక ఆరు నెలలకు రా" అన్నాడు.

"అమ్మా, నాకూ ఒకసారి ఇవ్వండి" అన్నాడు గంగులయ్య.

రెజీనా నవ్వుతూ నోటి దగ్గరి ముక్క మార్చి ఇచ్చింది. ఆయన కళ్లు మూసుకుని ఊదాడు. మేనల్లుడు ఊదినప్పుడు చేరిన గీతకు సగం దూరంలోనే ముల్లు ఆగింది.

"గొట్టం పాడైనట్టుంది."

"ఇందాక బాగానే ఉండింది గదయ్యా" అన్నది రెజీనా.

బస్టాండులో బస్సు కోసం నిలబడ్డప్పుడు గంగులయ్య మేనల్లుడి వైపు తిరిగాడు.

"రేపట్నుంచి చుక్కాని నువ్వు పట్టుకో."

"నేనా మామా? నువ్వో?"

"పక్కన కూర్చుంటా. అలల్లో పడవ తిప్పేటప్పుడు ముందున్నోళ్లకి వినబడేట్టు కేకలేయాల. అంత ఊపిరి నాకెక్కడుండాది? నువ్వు కూడా చూసినావు గదా."