తుడిచేసిన నీలం ముసుగు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, నడివేసవిలో, నన్ను హైదరాబాదు నుంచి విశాఖపట్నం వేశారు. హోదా సీనియర్ కన్సర్వేటర్. అంటే పాత చిత్రాలకు వైద్యం చేసేవాణ్ణి. నగరంలోని ఇళ్లలో, చర్చిల్లో ఉన్న తైలవర్ణ చిత్రాలను నమోదు చేసి ఉచితంగా బాగుచేయాలి. పెందుర్తిలో ఒక రేకుల షెడ్డు ఇచ్చారు. ఉక్కపోత, నడుంనొప్పి, ఎన్ని పూర్తయ్యాయంటూ పైనుంచి రోజూ ఫోన్లు. అప్పటికే నాకు ఉద్యోగమంటే విసుగు పుట్టింది.

పూర్ణా మార్కెట్ దగ్గరి నుంచి ఫిలోమినమ్మ గారనే పెద్దావిడ ఒక చిత్రం తెచ్చారు. ఎవరో ఓడ కెప్టెన్ ఆవిడ మామగారికి ఇచ్చిపోయాడట. నీలం ముసుగు వేసుకున్న స్త్రీ, ఆమె ఒడిలో ముళ్లకిరీటంతో చనిపోయిన యువకుడు: చూడగానే ఏసు, ఆయన తల్లి. కొవ్వొత్తుల పొగకు నల్లబడింది.

“మసొక్కటి తుడిసీండి బాబూ. అమ్మ మొకం కనిపిత్తే సాలు” అన్నారావిడ.

మా ఫారంలో ఒక గడి ఉంటుంది: తరువాత ఎవరైనా రంగు వేశారా, వేస్తే ఎందుకు? ఆవిణ్ణి అడక్కుండానే ‘తెలియదు’ అని రాశాను. తరువాతి రంగులు తొలగించడానికి సమ్మతి అన్నచోట సంతకం పెట్టించుకున్నాను, చదివి వినిపించలేదు.

అతినీలలోహిత దీపం కింద, తరువాత పూసిన రంగు మచ్చల్లా వేరుగా కనిపిస్తుంది. ముసుగు, కిరీటం, పక్కటెముకల దగ్గరి గాయం అన్నీ అలాంటివే. పరారుణ కెమెరాతో చూస్తే వాటి కింద తొడ మీద ఇంకో గాయం, ఓ మూల వేటకుక్క, ఈటె. ఏసుకు గాయం పక్కటెముకల దగ్గర ఉంటుంది. తొడలో గాయమంటే అడవిపంది కోర తగిలి చచ్చిన గ్రీకు పురాణ వేటగాడు; ఏడుస్తున్నది అతణ్ణి ప్రేమించిన దేవత. బరోక్ కాలపు, అంటే పదిహేడో శతాబ్దపు యూరప్ చిత్రానికి నకలు. ఆ నీలమేమో ఓడలకు వేసే ఎనామిల్. ఎవడిదో మొరటు పని అనుకున్నాను. దూదిపుల్లతో, ద్రావకంతో, మొండికేసిన చోట సన్నకత్తితో పన్నెండు రోజుల్లో అంతా తీసేశాను. ఎన్నాళ్లకో పనిలో సంతోషం కలిగింది.

ఫిలోమినమ్మ గారు వచ్చి చూశారు. “ఈవిడెవలు బాబూ?” అన్నారు.

పది నిమిషాలు వివరించాను. అన్నీ తెలిసినమ్మ అమావాస్యనాడు చచ్చిందట. నా సంగతీ అంతే. ఆవిడ చివరిదాకా విన్నారు.

“మా కుర్రోడు సముద్రంలో పోయినప్పుడు మా ఆయన ఏసిన ముసుగది. షిప్‌యార్డులో రంగులేసీవోడు. నాను మొక్కుకుంటానని అమ్మని సేసేడు. ఆయనా పోయేడు.”

 సిగ్గుపడుతూ, మళ్లీ నీలం వేయిస్తానన్నాను.

“ఆయన సెయ్యి ఎక్కణ్ణుంచి తెత్తారు? మీరు అడగనేదు, నాను సెప్పనేదు. బొమ్మని సుట్టీయండి.”

మా వృత్తిలో ఏం చేసినా, తరువాతివాళ్లు దాన్ని తీసేయగలిగేలా చేయాలన్నది మొదటి నియమం. తుడిచినదాన్ని మాత్రం ఎవరూ తిరిగి తేలేరు. మిగిలిన రెండేళ్లూ ఆ గడిని నేనే అడిగి నింపాను. చిత్రంలో చచ్చిపోయిందెవరో సరిగ్గానే చెప్పాను. ఆ ఇంట్లో పోయిందెవరో ముందు అడగాల్సింది.