ఎండుచేపల గంపలో తోరన్న

రాజాంలో భీమశంకరరావు గారి కొట్టుకు బుల్లమ్మ వచ్చిందంటే లోపల ఆయన భార్య బుజ్జమ్మగారు ఊదుబత్తి వెలిగించేవారు. వాళ్లు నీచు ముట్టని వాళ్లు. బుల్లమ్మ కళింగపట్నం నుంచి సంతకు ఎండుచేపలు తెచ్చి అమ్ముకునే మనిషి. ఆ సంగతి తెలుసు గనుక ఖాళీ గంపను రోడ్డుకు అవతల గోడవార బోర్లించి, కొట్టు కింది మెట్టు మీద, అదీ గాలి లోపలికి కొట్టని పక్కన కూర్చునేది. చింతపండూ మిరపకాయలూ పొట్లం కట్టేలోగా ఓ చెంబుడు నీళ్లు తాగి, కాళ్లు చాపుకుని కాసేపు సేదతీరడం ఆమెకు ఏళ్లనాటి అలవాటు.

ఆ మెట్టు మీద కూర్చోవడం వల్లనే జపాను కబుర్లు కొన్నేళ్లపాటు కళింగపట్నం చేరాయి.

రెండు వేల పదకొండు, పన్నెండు ప్రాంతం అది. పిల్లల చానల్లో ‘నీలి దిక్సూచి’ అని ఒక జపాను బొమ్మల కథ తెలుగులో వచ్చేది. ఓడ మీద తిరిగే ఇద్దరు అన్నదమ్ముల కథ. అన్న పేరు తొరాషి, తమ్ముడు మినాగి. కళింగపట్నం పిల్లల నోట్లో పడి వాళ్లు తోరన్న, మీనయ్య అయిపోయారు. సాయంత్రం ఆ వేళకు సముద్రం ఒడ్డున ఒక్క పిల్ల ఉండేది కాదు. టీవీ ఉన్న ఇళ్లలో మాత్రం గుమ్మం లోపల ఇసక పేరుకునేది.

ఒక వేసవిలో చానల్ వాళ్లు మాటైనా చెప్పకుండా ఆ కథ ఆపేశారు. తుఫానుకు ఓడ విరిగి, అన్నదమ్ములిద్దరూ చెరో పలకా పట్టుకుని తేలుతున్న చోట ఆగిపోయింది. పిల్లలు కొన్నాళ్లు అదే వేళకు వెళ్లి కూర్చుని, వేరే బొమ్మలు రావడం చూసి లేచిపోయేవారు. బుల్లమ్మ పక్కింటి వినోద్ అయితే అన్నం దగ్గర అలిగాడు.

ఆ వారం సంతకు వచ్చినప్పుడే బుల్లమ్మ కొట్లో కంప్యూటర్ వైపు చూసింది. తెర మీద ఆ అన్నదమ్ములే ఉన్నారు. దాని ముందు కూర్చున్నది భీమశంకరరావు గారబ్బాయి జయకృష్ణ. డిగ్రీ అయిపోయి కొట్లో కూర్చుంటున్నాడు.

“ఈ గుంటలు మీకెలగ తెలుసు బాబూ?” అంది.

“నీకెలా తెలుసు బుల్లమ్మా?” అన్నాడతను, తెర మీంచి చూపు తిప్పి.

“మా ఊరి పిల్లలు ఈళ్ల కోసం కూడు మానేసేరు. ఓడ ముక్కలయిపోనాది గదా. బతికేరా, నేదా?”

జయకృష్ణ ముఖం వెలిగిపోయింది. ఆ కథ జపానులో ఏళ్ల తరబడి నడుస్తూనే ఉందట. ఇంకా అవలేదట. దేశదేశాల్లో దాని అభిమానులున్నారు. ఏ వారం ఏమయిందో, ముందేమవుతుందో నెట్లో రాసుకుంటారు, వాదించుకుంటారు, అలిగి వెళ్లిపోయి మళ్లీ వస్తారు. అదంతా చదివి కడుపులో దాచుకోవడమే గానీ రాజాంలో పైకి చెప్పుకునేందుకు అతనికి మనిషి లేడు. తండ్రి వింటే, “పెళ్లికెదిగావు, బొమ్మలేటిరా నీకు?” అనేవారు. ఇప్పుడు మెట్టు మీద మనిషి దొరికింది.

“ఇద్దరూ బతికారు బుల్లమ్మా. దీపస్తంభం కాసే ముసలమ్మ తాడు విసిరి లాగింది,” అని మొదలుపెట్టాడు. పొట్లాలు కట్టడం ఆ రోజు చాలా ఆలస్యమయింది.

అలా వారానికో కబురు గంపెక్కింది. బస్సు దిగేసరికి పిల్లలు కాసుకుని ఉండేవారు. ఒడ్డున చేపలెండబెట్టే చోట, ఎండిన వలల కుప్పకు చేరబడి బుల్లమ్మ చెప్పేది. ఆమె నోట జపానువాళ్ల అన్నం ముద్దలు చద్ది ముద్దలయ్యాయి. ఓడదొంగలు వలలు కోసుకుపోయే వెధవలయ్యారు. కథ ఇటు వచ్చినట్టే ప్రశ్నలు అటూ వెళ్లేవి. “ఎదురుగాలికి తెరచాప అలగ కట్టరత్తా, ఓడ బోల్తా కొట్టీదే,” అని వినోద్ ఒకసారి పట్టుబట్టాడు. జయకృష్ణ ఆ మాట ఇంగ్లీషులో పెట్టి అభిమానుల మధ్య వేశాడు. పై వారానికి జవాబొచ్చింది. బ్రెజిల్ దేశపు నావికుడెవరో, కళింగపట్నం కుర్రాడన్నదే నిజం, గీసినవాళ్లదే తప్పు అని రాశాడట. వినోద్ రెండు రోజులు నేల మీద నడవలేదు.

“బ్రెజిలంటే ఏ పక్కత్తా?”

“ఇచ్చాపురం దాటేక,” అంది బుల్లమ్మ.

ఈ కబుర్లలో ఆమె సొంత మసాలా ఉండేది గానీ అబద్ధం ఉండేది కాదు. అమ్మకంలోనూ అంతే. వాన తగిలిన చేప గంపలో ఉంటే దాన్ని వేరే గుడ్డలో కట్టి, “ఇది వాన తగిలింది, తీస్తే తియ్యి, నేకపోతే నేదు,” అని ముందే చెప్పేది. తోటివాళ్లు నవ్వేవారు. సంతలో ఆమె మాటకున్న విలువ అక్కడే పుట్టింది.

మరుసటేడు వాయుగుండం పట్టిన వారం, వేటకెళ్లిన పడవల్లో లక్ష్ముడి పడవ రాలేదు. వెతకడానికి వెళ్లినవాళ్లు రెండు పలకలూ కొంత వలా తెచ్చారు, మనిషిని తేలేకపోయారు. లక్ష్ముడి కూతురు దేవి. కథకొచ్చే పిల్లలందరిలోకీ చిన్నది, తోరన్నంటే ప్రాణం దానికి. ఆ వారమంతా అది నోరు విప్పలేదు.

ముసురుకు చేప పాడవుతుందని బుల్లమ్మ సంతకు వెళ్లక తప్పలేదు. కొట్టుకు వెళ్తే జయకృష్ణ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఏటి బాబూ, మిరపకాయలు దంపించేరా?”

“తొరాషి చనిపోయాడు బుల్లమ్మా,” అన్నాడతను. “దేశాలన్నీ ఏడుస్తున్నాయి నెట్లో.” ఎలా పోయాడో మొదట్నుంచి చివరిదాకా చెప్పాడు. బుల్లమ్మ ఆ రోజు నీళ్లు తాగడం మరిచిపోయింది.

బస్సు దిగేసరికి మామూలుగా పిల్లలున్నారు. వెనకగా దేవి కూడా ఉంది. వారం తరవాత అది మొదటిసారి నోరు తెరిచింది. “బుల్లత్తా, తోరన్నేడీ?”

బుల్లమ్మ గంప దించింది. తల మీది చుట్టగుడ్డ దులిపింది. మళ్లీ చుట్టింది.

“ఉన్నాడు. ఓ దీవిలో పడ్డాడు. పడవ బాగుసేసుకుంటన్నాడు.”

ఆ ఒక్క మాటతో కళింగపట్నం కథ జపాను కథ నుంచి విడిపోయింది. జయకృష్ణ వారం వారం చెబుతూనే ఉన్నాడు. ఈమె మార్చుకుంటూ వచ్చింది. అక్కడ మినాగి అన్న చావుకు కారణమైనవాళ్ల మీద పగ పట్టాడు. ఇక్కడ మీనయ్య అన్నను వెతుకుతున్నాడు.

“ఎతకడానికి కత్తులెందుకత్తా?” అన్నాడు వినోద్.

“దారికడ్డొచ్చినోడికి.”

“ఇంతమంది అడ్డొస్తారా?”

“నోరుమూసుకుని ఇను. నువ్వూ అడ్డొస్తన్నావు.”

దేవి మాత్రం ఎప్పుడూ ఒకటే అడిగేది, పడవ ఎంతవరకూ వచ్చిందని. అడుగు పలకలు పడ్డాయనీ, తారు దొరకలేదనీ, తెరచాప గుడ్డ తక్కువయిందనీ బుల్లమ్మ ఆ పడవను ఏళ్లతరబడి కట్టించింది. వాన తగిలిన సరుకు ఇదొక్కటే ఆమె చెప్పకుండా అంటగట్టింది. సంతలో ఎవరైనా “బుల్లమ్మ మాటంటే మాటే” అన్నప్పుడు లోపల ఏదో ముల్లులా గుచ్చుకునేది.

పిల్లలు పెద్దయ్యారు. వినోద్ వేరావల్ పడవల్లో పనికి గుజరాత్ వెళ్లిపోయాడు. చౌక నెట్టొచ్చి ఫోన్లు ప్రతి చేతిలోకీ వచ్చాయి. కథ కోసం బస్సు దగ్గర కాసేవాళ్లు లేరు. దేవి ఇంటర్ పాసయి రాజాం కాలేజీలో చేరుతోందని విన్న రోజున, జయకృష్ణ కొట్టు అక్కడే ఉందని గుర్తొచ్చి బుల్లమ్మకు రెండు భయాలు పట్టుకున్నాయి. తన మాట పోతుందన్నది ఒక భయం. తండ్రి పోయిన వారంలో తను నమ్మిన మనిషే అబద్ధమాడిందని ఆ పిల్ల తెలుసుకుంటుందన్నది అంతకన్నా పెద్ద భయం.

సంతకు వెళ్లినప్పుడు జయకృష్ణతో అంది. “మా దేవని ఒక పిల్ల ఇక్కడ సదవడానికొస్తంది. కొట్టుకొస్తే తోరన్న బతికే ఉన్నాడని సెప్పాల బాబూ.”

జయకృష్ణకు ఇప్పుడు పెళ్లయింది, కొంచెం బట్టతల వచ్చింది. త్రాసు వదిలేసి ఆమె వైపు తిరిగాడు. “ఏటి బుల్లమ్మా, ఇన్నాళ్లూ బతికించేశావా?”

ఆమె చెప్పింది. అతను నవ్వబోయి, లక్ష్ముడి సంగతి వచ్చేసరికి మానేశాడు.

“నేను చెప్పకపోతే ఆగుతుందా?” అన్నాడు. “తొరాషి ఆఖరి రోజు మీద సినిమా తీస్తున్నామని జపానువాళ్లు మొన్ననే ప్రకటించారు. ఎక్కడ చూసినా అదే బొమ్మ. తియ్యాలా వద్దా అని అభిమానులు రెండు జట్లయి కొట్టుకుంటున్నారు. ఆ పిల్ల ఫోన్లో అది రాకుండా ఎలా ఆపగలం?”

దసరా సెలవులకు దేవి ఊరొచ్చింది. బుల్లమ్మ ఒడ్డున ఎండకు పరిచిన నెత్తళ్ల చేపలు తిరగేస్తోంది. దేవి చెప్పులు విప్పి, పక్కనే కూర్చుని, తనూ ఒక వరస తిప్పడం మొదలుపెట్టింది.

“రాజాంలో ఆ కొట్టుకెల్లేను అత్తా.”

“ఊఁ.”

“మా కాలేజీ గ్రూపులో తోరన్న బతికున్నాడన్నాను. నన్ను ఎర్రిదాన్ని సేసేరు. ఎవులో ఒక బొమ్మ పంపేరు. సూస్తూనే ఫోను బోర్లించేసేను. ఆ బాబునడిగితే ఏటీ సెప్పనేదు, మీ బుల్లమ్మనడుగు అన్నాడు.”

“ఫోన్లో అంతా ఉంటాది గదే.”

“ఉంటాది. నాకక్కర్నేదు.” దేవి ఒక చేపను తిప్పి, మళ్లీ తిప్పింది. “నాయన రాడని నాకప్పుడే తెలుసత్తా. అమ్మ ఏడుపు ఇన్నాక తెలీదేటి. తోరన్న సంగతే తెలీదు. నువ్వు సెప్పు.”

బుల్లమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. జయకృష్ణ చెప్పిన మాటలు ఒక్కటీ పోలేదు. అన్నాళ్లూ వేరే గుడ్డలో కట్టి ఉన్నట్టు అలాగే ఉన్నాయి.

“ఓడదొంగలు ఓడ మల్లీ ఇరగ్గొట్టేరు. ఇద్దరూ ఒకటే తాడుకి ఏలాడతన్నారు. పైన లాగీవోళ్లున్నారు గాని తాడు ఇద్దర్నీ మొయ్యదు. తోరన్న కింద, మీనయ్య పైన.”

“తాడు తెగిందా?”

“నేదు.”

“మరి?”

“ముడి ఇప్పుకున్నాడే. ఆడే ఇప్పుకున్నాడు. తెగుంటే నాను ఆ సాయంత్రమే నీకు సెప్పీదాన్ని. మీ నాయన రాని వారంలో, కావాలని ఒదిలీసేడని నీకెలగ సెప్తానే?”

అలలు వచ్చిపోతున్నాయి. అటు ఎవరో పడవ ఒడ్డుకు లాగుతూ కేకలు వేస్తున్నారు. దేవి తన వరసలో మిగిలిన నెత్తళ్లన్నీ తిప్పేసి, పక్క వరసలోకి జరిగింది.

“మరి ఆ కత్తులన్నీ ఎతకడానికి కాదన్నమాట,” అంది.

“కాదు.”

“వినోద్ బావ అప్పుడే అన్నాడు.” ముక్కు ఎగబీల్చి, చేప చేత్తోనే కళ్లు తుడుచుకుంది. “తరవాత మీనయ్యేటి సేసేడు?”

“అదంతా ఆ తాడు కాడ్నించి మల్లీ సెప్పాలే,” అంది బుల్లమ్మ, కాస్త పక్కకు జరిగి ఆమెకు నీడ ఇస్తూ. “తోరన్న లేకుండా.”