ఎండపొయ్యి మీద తువ్వాల

మొన్న ఫోనులో ఏదో ఎడారి దేశపు శరణార్థుల శిబిరం కనిపించింది. గుడారాల ముందు తళతళలాడే పెట్టెల్లో ఆడవాళ్లు ఎండకే అన్నం వండుతున్నారు. నా కళ్లు మాత్రం ఆ పెట్టెల మీద గుడ్డలేమైనా కప్పారా అని వెతికాయి. మా మేనత్త గుర్తొచ్చింది మరి.

రిజర్వాయర్ కింద ఊరు పోయాక మేనత్త వాళ్లను నల్గొండ అవతల రేకుల షెడ్లలోకి మార్చారు. మేపే జాగా లేక గొర్రెలు అమ్మేశారు. కట్టెలకు పోతే పక్క ఊరివాళ్లు తుమ్మకంపను కూడా ముట్టనిచ్చేవారు కాదు. అప్పుడు ఎవరో వచ్చి షెడ్డుకొక సోలార్ కుక్కర్ ఇచ్చి పోయారు. లోపల నల్లరంగు, పైన అద్దం మూత. అందరూ దాన్ని ఎండపొయ్యి అన్నారు. మా దిక్కు ఎండలకు కరువేముంది, రాయైనా ఉడకాలి. కానీ ఆ వరుసలో ఎవరి అన్నమూ ఉడకలేదు. నానిన బియ్యం నములుతూ మామ, "గిది పొయ్యి కాదు, వట్టి పెట్టె" అని తీర్పు చెప్పేశాడు. వాడనివాళ్ల దగ్గర వాపసు తీసుకుంటామని ఇచ్చినవాళ్లు కబురు పెట్టారు. అది పోతే అత్త మళ్లీ కట్టెల కోసం మాటలు పడాలి.

ఏదైనా పనిచేయకపోతే దాని చుట్టూ తిరిగే జబ్బు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. పోయి చూస్తే అద్దం మీద తువ్వాల పరిచి ఉంది.

"కప్పితే ఎండ లోపలికెట్ల పోతది అత్తా?"

"దిష్టి తగుల్తదని కప్పిన బిడ్డా," అంది. తువ్వాల అంచు సర్ది, "ఎండ పోదని నాకెర్కే. మన ఇంటికొచ్చినోళ్లు ఎన్నడన్న కూర లేకుంట తిని పోయిండ్రా? గిప్పుడు వట్టి అన్నం, ఉప్పు. అద్దంలకెల్లి అందరు సూడాల్నా?" అంది.

బయటికొచ్చి వరుసంతా నడిచాను. ప్రతి పెట్టె మీదా ఏదో ఒకటి ఉంది. చీరముక్క, దుప్పటి, గోనెసంచి. ఇంతమందికీ ఒక్కసారే దిష్టి భయం పట్టిందా అని నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. వెనక్కి పోయి, అందరిదీ నీ బాధే అని చెబితే అత్త నమ్మలేదు. తానే వచ్చి పక్క షెడ్డు ముందున్న దుప్పటి అంచు ఎత్తి చూసింది. లోపల వట్టి బియ్యమే. ఆ షెడ్డు ఆవిడ అత్తకు వదిన వరుస. గుమ్మంలో నిలబడి తల దించుకుంది.

"నా గిన్నెల గూడ గదే వదినె," అంది అత్త మెల్లగా.

తిరిగొచ్చి తన తువ్వాల తీసి భుజాన వేసుకుంది. పొద్దు నెత్తిమీదికి వచ్చేసరికి ఆ వరుసలో ఒక్క గుడ్డా మిగల్లేదు. మధ్యాహ్నం దాటాక అన్నం మెత్తగా ఉడికింది. ఒకరు చింతపండు, ఒకరు ఉల్లిగడ్డ తెచ్చి పచ్చిపులుసు కలిపారు. మామ రెండోసారి పెట్టించుకుని తిన్నాడు, తీర్పు సంగతి ఎత్తలేదు.

ఆ ఊళ్లో వాళ్లు గోడకు గోడ ఆనించుకుని తరాలు బతికారు. ఒకరి గిన్నెలోకి ఒకరు చూసుకోవడానికి మాత్రం, ఆ గోడలన్నీ నీళ్ల కిందికి పోయేదాకా కాలం పట్టింది.